కోర్లు ఎనిమిదైనా తిరిగే సీడీ ఒక్కటే: ఆడియో రిప్పింగ్‌కి ఎలాంటి ప్రాసెసర్ కావాలి?

క్లుప్తంగా: సీడీలోంచి ఆడియో లాగడానికి ఎంత టైమ్ పడుతుందో తేల్చేది డ్రైవు, డిస్కు పరిస్థితి. ప్రాసెసర్‌లో కోర్లు, అంటే విడివిడిగా ఒకేసారి లెక్కలు చేసే భాగాలు, పెంచితే ఆ టైమ్ తగ్గదు. కోర్లు పనికొచ్చేది లాగిన ఫైళ్లని ఎంపీ3గానో ఫ్లాక్‌గానో మార్చేటప్పుడు, అదీ ఫైళ్లు చాలా ఉంటేనే. గంట హరికథ మొత్తం ఒకే ట్రాక్‌గా ఉంటే ఎనిమిది కోర్లలో మామూలుగా ఏడు ఖాళీగా ఉంటాయి. ఇంటి అవసరానికే కాదు, ఊళ్లో చిన్న స్టూడియోకి కూడా నాలుగో ఆరో మంచి కోర్లు, రెండు సీడీ డ్రైవులు సరిపోతాయి.

కోనసీమలో గానీ, భీమవరం, నరసాపురం వైపు గానీ పాత ఇంట్లో బీరువా సర్దితే సీడీల కట్ట ఒకటి బయటపడుతుంది. గుడి ఉత్సవానికి చెప్పించిన హరికథ, తీర్థంలో తెల్లవార్లూ ఆడిన పద్యనాటకం, పెళ్లిలో సన్నాయి మేళం, ఇలాంటివన్నీ ఒకప్పుడు మైక్‌సెట్టు వాళ్లో దగ్గర్లోని స్టూడియో వాళ్లో రికార్డు చేసి, సీడీ రైట్ చేసి ఇచ్చేవాళ్లు. కపిలేశ్వరపురంలో హరికథకి ఏకంగా పాఠశాలే ఉంది, కాబట్టి ఈ ప్రాంతపు కట్టల్లో సినిమా పాటలతో పాటు హరికథలు కూడా కనిపించడంలో వింతేమీ లేదు. ఇప్పుడు వాటిని ఫోన్లోకి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలంటే కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవే ఉండటం లేదు. సరే, ఈ పని కోసమే ఒక మెషీన్ తీసుకుందామని కాకినాడలోనో రాజమండ్రిలోనో షాపుకి వెళ్తే అక్కడ మొదట వినిపించేది కోర్ల లెక్క: ఇది ఆరు కోర్లు, ఇది పది, ఇది పదహారు. కోర్లు ఎక్కువుంటే పని అంత త్వరగా అయిపోతుందనే అనుకుంటారు ఎవరైనా. ఆడియో విషయంలో ఆ లెక్క సగమే నిజం, ఆ సగం ఏదో తెలియకపోతే డబ్బు తప్పు చోట ఖర్చవుతుంది.

దింపు వేరు, ఒలుపు వేరు

అందరూ కలిపి ఒకటే మాటగా అనేస్తారు గానీ ఇందులో రెండు పనులున్నాయి. సీడీ మీద ఉన్న ఆడియోని చదివి హార్డ్‌డిస్క్‌లో వేవ్ ఫైల్‌గా పెట్టడం రిప్పింగ్. ఆ పెద్ద ఫైల్‌ని నొక్కి చిన్నది చేయడం, అంటే ఎంపీ3, ఫ్లాక్, ఓపస్ లాంటి రూపంలోకి మార్చడం ఎన్‌కోడింగ్.

కొబ్బరితోటలో దింపు జరుగుతున్నప్పుడు చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. చెట్టెక్కి గెలలు కోసేది ఒక్కడు. కింద కూర్చుని కాయ ఒలిచేవాళ్లు ఎనిమిది మంది. దింపు మనిషి గంటకి ఎన్ని చెట్లు ఎక్కగలడో అన్ని కాయలే కింద పడతాయి. ఒలిచేవాళ్లని పదహారు మందిని పెట్టినా కాయలు ఎక్కువ రాలవు, ఉన్నవాళ్లే గునపాల దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటారు. అదే కాయలు ముందే దింపి కళ్లంలో రాశి పోసి ఉంటే మాత్రం, ఒలుపుకి ఎంతమంది వస్తే అంత త్వరగా రాశి కరుగుతుంది. సీడీ డ్రైవు ఆ దింపు మనిషి, ప్రాసెసర్ కోర్లు ఒలుపు మనుషులు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఆలస్యం డ్రైవు దగ్గర

ఆడియో సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. అంటే సెకనుకి 1,76,400 బైట్లు, గంటకి సుమారు 635 ఎంబీ. 1980లో ఖరారైన ఈ కొలతలు నేటికీ మారలేదు. ఈ వేగాన్నే 1 ఎక్స్ అంటారు. డ్రైవు మీద 52 ఎక్స్ అని రాసి ఉంటే గంట సీడీ నిమిషం పైచిలుకులో వచ్చేస్తుందనిపిస్తుంది. రాదు. ఆ వేగం డిస్కు బయటి అంచు దగ్గర మాత్రమే. సీడీ చదవడం మధ్యలోంచి మొదలై అంచుకి వెళ్తుంది. డిస్కు ఒకే లెక్కన గిర్రున తిరుగుతుంటే లోపలి చుట్లు చిన్నవి, అక్కడ వేగం సగానికన్నా తక్కువ. పైగా యూఎస్‌బీకి తగిలించే పలచటి డ్రైవులు సాధారణంగా సీడీని 24 ఎక్స్ దగ్గరే ఆపేస్తాయి. వైరు వల్ల ఇబ్బందేమీ లేదు, 52 ఎక్స్ అన్నా సెకనుకి 9 ఎంబీ చిల్లరే, పాత యూఎస్‌బీ 2.0 కూడా దాన్ని తేలిగ్గా మోస్తుంది. అడ్డం పడేది మోటారు, లెన్సు.

ఇంతకన్నా పెద్ద ఆలస్యం ఇంకోటుంది. డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో 2,352 బైట్లకి 2,048 మాత్రమే అసలు సమాచారం, మిగతాదాంట్లో తప్పులు దిద్దుకునే అదనపు కోడ్ ఉంటుంది. ఆడియో సీడీలో ఆ రెండో పొర లేదు, మొత్తం 2,352 బైట్లూ పాటకే పోతాయి. అన్ని సీడీలకీ ఉండే మొదటి పొర దిద్దుబాటు విఫలమైతే ప్లేయర్ అటూ ఇటూ చూసి మధ్యలో ఏదో ఒకటి పూరించేసి ముందుకెళ్తుంది, వినేవాళ్లకి చిన్న టిక్కుమన్న చప్పుడు తప్ప తేడా తెలియదు. కానీ దాచుకోవడానికి కాపీ తీస్తున్నప్పుడు ఆ పూరింపు శాశ్వతమైపోతుంది. అందుకే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, సీడీపారనోయా లాంటి సాఫ్ట్‌వేర్లు ఒకే చోటుని కనీసం రెండుసార్లు చదివి, రెండూ కలిస్తేనే ముందుకి కదులుతాయి. కలవకపోతే మళ్లీ చదువుతాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో గీత పడిన చోటుకి వచ్చేసరికి ఎర్ర గుర్తులు వరసగా వెలుగుతూ ఉంటాయి, డ్రైవు గుర్రుమని ఆగి, మళ్లీ తిరిగి, మళ్లీ ఆగుతుంది. మొండి చోటైతే ఎనభై సార్ల దాకా చదువుతుంది. ఆ సమయంలో ప్రాసెసర్ వాడకం ఎంత ఉందో చూస్తే ఒకటి రెండు శాతం దగ్గర ఉంటుంది. అంత ఖరీదైన చిప్పు డ్రైవు ఇచ్చేదాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు.

మన దగ్గర దొరికే డిస్కుల విషయంలో ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎక్కువమంది చెప్పరు. కంపెనీ అచ్చు వేసిన సినిమా పాటల సీడీ అయితే, ప్రపంచంలో ఇంకెవరో తీసిన కాపీతో పోల్చి సరిగ్గా వచ్చిందో లేదో చెప్పే ఆక్యురేట్‌రిప్ అనే డేటాబేస్ ఉంది. సరిపోలితే ఒక్కసారి చదివినా సరిపోతుంది. ఊరి స్టూడియోలో రైట్ చేసిన డిస్కు ఆ డేటాబేస్‌లో ఎందుకుంటుంది? దానికి ఒకటే దారి, మొత్తం డిస్కుని రెండుసార్లు చదివించి రెండింటి చెక్‌సమ్, అంటే ఫైల్ మొత్తం నుంచి లెక్కగట్టిన గుర్తింపు అంకె, కలిసిందో లేదో చూసుకోవాలి. అంటే టైమ్ రెట్టింపు. పైగా అవి అచ్చు సీడీలు కావు, రంగు పొర మీద లేజర్‌తో రాసినవి. ఆ రంగు ఎండకి, వేడికి, కాలానికి వెలిసిపోతుంది. చాలామంది మెరిసే వైపు గీతలు చూసి కంగారు పడతారు గానీ అసలు ప్రమాదం లేబుల్ వైపు. అద్దంలా మెరిసే పొర దాని కిందే పలచగా ఉంటుంది, అటువైపు పెచ్చు లేస్తే ఆ భాగం ఇక దొరకదు. స్టూడియో పేరుతో కాగితం స్టిక్కర్ అంటించి ఉంటే, తీరప్రాంతపు చెమ్మకి అది ఒక పక్క ఉబ్బి ఉంటే, 48 ఎక్స్‌లో తిప్పడం డ్రైవుకీ డిస్కుకీ రెంటికీ మంచిది కాదు, వేగాన్ని 8 ఎక్స్‌కి తగ్గించి లాగాలి. ఇక్కడ టైమ్ ఎంత పట్టినా పట్టనివ్వాల్సిందే.

ఒకే ఫైల్‌ని ఎనిమిది కోర్లు ఎందుకు పంచుకోవు

ఇప్పుడు ఒలుపు సంగతికి వద్దాం. ఎంపీ3కి ఎక్కువమంది వాడే లేమ్ ఎన్‌కోడర్ 1998లో మొదలైంది. అప్పటి ఇంటి కంప్యూటర్లలో ప్రాసెసర్ అంటే ఒకటే కోర్. వేగం ఏటా పెరుగుతూ పోయేది, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు పనిని పంచడం గురించి ఆలోచించాల్సిన అవసరమే ఉండేది కాదు. 2004 నాటికి ఆ దారి మూసుకుపోయింది. పెంటియమ్ 4 ని 3.8 గిగాహెర్ట్జ్ దాటించలేక, వేడి తట్టుకోలేక, ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ చిప్పుని రద్దు చేసుకుంది. 2005లో పెంటియమ్ డి, అథ్లాన్ 64 ఎక్స్2 రూపంలో రెండు కోర్ల చిప్పులు డెస్క్‌టాప్‌లోకి వచ్చాయి. వేగం పెంచలేక సంఖ్య పెంచారు. కానీ అప్పటికే ఎన్‌కోడర్ల నడక ఒక పద్ధతిలో స్థిరపడిపోయింది.

ఎంపీ3 పాటని 1,152 శాంపిళ్ల చిన్న ముక్కలుగా, అంటే ఫ్రేములుగా కోస్తుంది. 70 నిమిషాల హరికథలో అలాంటివి లక్షా అరవై వేలకి పైగా ఉంటాయి. అన్ని ముక్కలున్నప్పుడు ఎనిమిది కోర్లకి తలా ఇరవై వేలు పంచితే పోలేదా అనిపించడం సహజం. పంచలేకపోవడానికి కారణం, ఒక ఫ్రేములో మిగిలిన బిట్లని తర్వాతి ఫ్రేము వాడుకుంటుంది. ఎగువ చేలో మిగిలిన నీళ్లు దిగువ చేలోకి వదిలినట్టు. హరిదాసు గుక్క తిప్పుకునే చోట బిట్లు మిగిలితే, వెంటనే మృదంగం, చిడతలు కలిసి అందుకునే చోట అవి ఖర్చవుతాయి. ఎగువన ఎన్ని నీళ్లు మిగిలాయో తేలకుండా దిగువ చేను తడపడం కుదరదు కదా. చెవి దేన్ని వింటుంది, దేన్ని పట్టించుకోదు అని లెక్కవేసే భాగం కూడా వెనకటి ఫ్రేముల్ని గుర్తుపెట్టుకునే నడుస్తుంది. ఆ లెక్కని ఒక థ్రెడ్‌కి (ఒక కోర్ మీద విడిగా నడిచే పని పాయకి), మిగతా పనిని ఇంకో థ్రెడ్‌కి ఇచ్చి చేసిన ప్రయోగాలు 2005 ప్రాంతంలోనే జరిగాయి, కొంత లాభం వచ్చింది గానీ ఆ పద్ధతికి రెండు కోర్లు దాటి పనిలేదు. ఫ్రీఏసీ లాంటి సాఫ్ట్‌వేర్లు మాత్రం ఫైల్‌ని పొడుగు ముక్కలుగా, అంచులు ఒకదాని మీద ఒకటి కాస్త పడేలా కోసి, వేర్వేరు కోర్లకిచ్చి, చివర్లో జాగ్రత్తగా కుట్టేస్తాయి. అది చేతితో చేసే పని కాదు. వేవ్ ఫైల్‌ని మామూలుగా కోసి, విడివిడిగా ఎంపీ3 చేసి, తర్వాత అతికిస్తే అతుకు దగ్గర చిన్న ఖాళీ వినిపిస్తుంది, ఎందుకంటే ప్రతి ముక్క మొదట్లో ఎన్‌కోడర్ కాసింత నిశ్శబ్దాన్ని చేరుస్తుంది.

ఫ్లాక్ కథ వేరు. అది నాణ్యత పోగొట్టకుండా నొక్కే పద్ధతి, మామూలుగా 4,096 శాంపిళ్ల బ్లాకులు తీసుకుంటుంది, ఏ బ్లాకు పని దానిదే, పక్కదానితో అప్పులూ బదుళ్లూ లేవు. ఎంతమందికైనా పంచొచ్చు. అయినా 2001లో వచ్చిన మొదటి పూర్తి వెర్షన్ నుంచి ఇరవై ఏళ్లకి పైగా దాని సొంత ప్రోగ్రామ్ ఒకే థ్రెడ్‌లో నడిచింది. అప్పటికే అది చాలా వేగంగా ఉండేది కాబట్టి ఎవరికీ పెద్ద తొందర కలగలేదనుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 1.5 వెర్షన్‌లో ఒకే ఫైల్‌ని చాలా థ్రెడ్లకి పంచే వీలు వచ్చింది. ‘జే’ అనే ఆప్షన్ పక్కన థ్రెడ్ల సంఖ్య ఇస్తే సరిపోతుంది. పాత వెర్షన్ వాడుతున్నవాళ్లు కొత్త ప్రాసెసర్ కొనేముందు ఈ ఉచిత అప్‌డేట్ చేసుకోవడం మేలు.

పాటల సీడీకి, హరికథ సీడీకి తేడా

సినిమా పాటల సీడీలో పది పన్నెండు ట్రాకులుంటాయి. ఒక్కో ట్రాక్ ఒక్కో ఫైల్, ఒక్కో ఫైల్ ఒక్కో కోర్‌కి. ఫూబార్2000, డీబీపవర్‌యాంప్ లాంటివన్నీ ఈ పంపకాన్ని వాటంతట అవే చేస్తాయి. ఎన్‌కోడర్ ఒకే థ్రెడ్‌ది అయినా ఎనిమిది ఎన్‌కోడర్లు పక్కపక్కనే నడుస్తాయి. సమీక్షల్లో కోర్లు పెరిగేకొద్దీ టైమ్ పడిపోయినట్టు కనిపించే గ్రాఫులు చాలావరకు ఇలాంటి ఆల్బమ్‌ల మీద తీసినవే.

హరికథ సీడీనో నాటకం సీడీనో తీసుకుంటే, రికార్డు చేసినవాళ్లు ఎక్కడా కోయకుండా మొత్తాన్ని ఒకటో రెండో ట్రాకులుగా రాసేసి ఉంటారు. దాన్ని లేమ్‌కి ఇచ్చి విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, కోర్ల వారీగా గ్రాఫులు పెట్టుకుని చూడాలి. ఎనిమిది గళ్లలో ఒక గడి పైదాకా నిండి ఉంటుంది. మిగతా ఏడింటిలో గీత అడుగునే పాకుతుంటుంది. ఒక్కోసారి నిండిన గడి మారుతుంది, ఇప్పుడు మూడోది నిండి మొదటిది ఖాళీ అవుతుంది, అంటే విండోస్ ఆ ఒక్క పనినే ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి మారుస్తోంది తప్ప పంచడం లేదు. మొత్తం వాడకం పన్నెండు శాతం అని చూపిస్తుంది. మెషీన్ ఖాళీగా ఉన్నట్టు, అయినా పని నెమ్మదిగా సాగుతున్నట్టు అనిపించి చాలామంది సాఫ్ట్‌వేర్‌ని అనుమానిస్తారు. ఎనిమిదిలో ఒకటి అంటే పన్నెండున్నర శాతం, లెక్క సరిగ్గానే ఉంది. ఇలాంటి ఫైల్‌కి కావాల్సింది ఎక్కువ కోర్లు కాదు, వేగమైన ఒక్క కోర్.

దీనికి మందు కూడా సులువే. ఒక్కో డిస్కు అవ్వగానే మార్చేయకుండా, పగలంతా డిస్కులు లాగి వేవ్‌గా పడేసి, రాత్రి అన్నింటినీ కలిపి కన్వర్టర్‌కి ఇవ్వాలి. అప్పుడు ఎనిమిది హరికథలు ఎనిమిది కోర్ల మీద నడుస్తాయి.

ఇంకో మంచి విషయం కూడా చెప్పుకోవాలి. ఒకే మైకుతో తీసిన పాత రికార్డింగ్‌ని స్టీరియో సీడీగా రాసినప్పుడు ఎడమ, కుడి ఛానెళ్లలో ఒకటే శబ్దం ఉంటుంది. ఫ్లాక్ రెండింటి తేడాని చూసి, తేడా సున్నా అయితే రెండో ఛానెల్‌కి దాదాపు చోటే ఇవ్వదు. మామూలు పాటలు ఫ్లాక్‌లో సగం నుంచి అరవై శాతం సైజుకి వస్తే, ఇలాంటి హరికథలు ఇంకా బాగా తగ్గుతాయి. నాణ్యత పోకుండా దాచుకోవడానికి చోటు చాలదని ఎంపీ3కి వెళ్లేవాళ్లు ఒకసారి ఇది చేసి చూడాలి.

మూడొందల సీడీల లెక్క

ఒక చిన్న స్టూడియోలో 300 సీడీలు ఉన్నాయనుకుందాం, ఒక్కోటి గంట. జాగ్రత్తగా చదివే పద్ధతిలో ఒక్కో డిస్కుకి సగటున 7 నిమిషాలు అనుకుంటే రిప్పింగ్‌కే 2,100 నిమిషాలు, అంటే 35 గంటలు. డిస్కు తీసి పెట్టే టైమ్ ఇందులో కలపలేదు. ఇక ఎన్‌కోడర్ ఒక కోర్ మీద పాట నిడివికి 50 రెట్ల వేగంతో నడుస్తుందనుకుందాం, ఇప్పటి మామూలు డెస్క్‌టాప్‌కి అది పెద్ద కోరికేమీ కాదు. 300 గంటల ఆడియోకి ఒక్క కోర్ మీద 6 గంటలు. నాలుగు కోర్లైతే గంటన్నర. ఎనిమిదైతే 45 నిమిషాలు, పదహారైతే 22 నిమిషాల పైన. ఇది ఏ కోర్ వేగమూ తగ్గదనుకుని వేసిన లెక్క, నిజంలో కాస్త ఎక్కువే పడుతుంది.

ఒంటి కోర్ నుంచి నాలుగుకి వెళ్తే నాలుగున్నర గంటలు కలిసొచ్చాయి. ఎనిమిది నుంచి పదహారుకి వెళ్తే కలిసొచ్చేది 23 నిమిషాల లోపు, అదీ 35 గంటల పని మీద. దీన్నే 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజినీర్ సూత్రంగా చెప్పాడు: పనిలో పంచలేని భాగం ఎంతుందో, ఎంతమందిని పెట్టినా అంతకన్నా కిందికి టైమ్ దిగదు. అదే డబ్బులో చిన్న భాగంతో రెండో సీడీ డ్రైవు పెడితే 35 గంటలు పదిహేడున్నర అవుతాయి. పాత డెస్క్‌టాప్‌ల నుంచి తీసిన పెద్ద సైజు డ్రైవులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గానే దొరుకుతాయి, సీడీ చదవడంలో ఇప్పటి పలచటి డ్రైవుల కన్నా అవే గట్టివి.

ఇంకా చెప్పాలంటే ఆ 6 గంటలు కూడా విడిగా పట్టవు. ట్రాకులున్న సీడీ అయితే రెండో ట్రాక్ లాగుతుండగా మొదటిది ఎన్‌కోడ్ అయిపోతుంది. గంట ఆడియోకి 72 సెకన్ల ఎన్‌కోడింగ్, 7 నిమిషాల రిప్పింగ్, రెండూ పక్కపక్కనే. చివరి ట్రాక్‌కి పట్టే ఆరేడు సెకన్లే అదనం. రోజుకి రెండు మూడు సీడీలు లాగే ఇంటి మనిషికి పదేళ్ల కిందటి రెండు కోర్ల మెషీన్ కూడా చాలు. ఎక్కువ కోర్ల అవసరం నిజంగా కనిపించేది ముందే ఫ్లాక్‌గా దాచిన పెద్ద గుట్టని ఫోన్ల కోసం మళ్లీ ఎంపీ3కో ఓపస్‌కో మార్చేటప్పుడే. అక్కడ దింపు అయిపోయింది, రాశి సిద్ధంగా ఉంది.

కోరు కోరుకీ తేడా

అంకె ఒకటే చూసి పోల్చడం ఇప్పుడు అసలు కుదరదు. 2021 చివర్లో వచ్చిన పన్నెండో తరం నుంచి ఇంటెల్ చాలా చిప్పుల్లో రెండు రకాల కోర్లు పెడుతోంది, పెద్దవి వేగానికి, చిన్నవి కరెంటు పొదుపుకి. ల్యాప్‌టాప్‌లో వచ్చే కోర్ ఐ5-1235యూ పేరుకి పది కోర్లు, కానీ అందులో పెద్దవి రెండే, ఎనిమిది చిన్నవి. దాని బేస్ పవర్ 15 వాట్లు. అదే తరం డెస్క్‌టాప్ చిప్పు కోర్ ఐ5-12400 లో ఆరే కోర్లు, ఆరూ పెద్దవే, 65 వాట్లు. రాత్రంతా వందల ఫైళ్లు మార్చే పని పెడితే ఆరు కోర్లదే పైచేయి. షాపులో పది అనే మాట పెద్దదిగా వినిపిస్తుంది కాబట్టి, పెద్ద కోర్లు ఎన్ని, చిన్నవి ఎన్ని అని విడిగా అడగాలి. హరికథ లాంటి ఒంటి ఫైల్ విషయంలో ఇంకో తలనొప్పి, ఎన్‌కోడర్ విండోని మినిమైజ్ చేస్తే కొన్నిసార్లు విండోస్ దాన్ని వెనక పనిగా లెక్కేసి చిన్న కోర్ మీదకి తోసేస్తుంది. పని ఉన్నట్టుండి నెమ్మదించిందంటే ఇదో కారణం కావొచ్చు.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీలో లెక్క తేలిక. రైజెన్ 5 5600 లో ఆరు, రైజెన్ 7 5700ఎక్స్‌లో ఎనిమిది, రైజెన్ 9 5950ఎక్స్‌లో పదహారు, అన్నీ ఒకే రకం కోర్లు. ఈ మూడింట్లో ఒక్క ఫైల్ మార్చడానికి పట్టే టైమ్ పెద్ద తేడా ఉండదు, గుట్ట మార్చేటప్పుడే తేడా.

థ్రెడ్ల సంఖ్యని కోర్ల సంఖ్యగా లెక్కపెట్టకూడదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు అంటే ఒక్కో కోర్ రెండు పనుల మధ్య తన సామర్థ్యాన్ని పంచుతుందని అర్థం, కూలీలు పన్నెండు మంది అయ్యారని కాదు. ఒలిచే గునపం ఒకటే, ఒకడు కాయ అందుకునే లోపు ఇంకొకడు ఒలుస్తాడు. ఎన్‌కోడింగ్‌లో దీనివల్ల పావు వంతు అటూఇటూగా లాభం రావొచ్చు, రెట్టింపు రాదు.

గ్రాఫిక్స్ కార్డు ఈ పనికి అక్కర్లేదు. పెద్ద క్యాష్ (చిప్పు లోపల ఉండే చిన్న మెమరీ), వేగమైన ర్యామ్ ఆటలకి ఉపయోగపడతాయేమో గానీ ఎన్‌కోడర్ ఒకసారికి చూసేది చిన్న ముక్కనే, కాబట్టి ఇక్కడ వాటి ప్రభావం తక్కువ. హార్డ్‌డిస్క్ మాత్రం పట్టించుకోవాలి. తిరిగే పాత డిస్కు మీద పదహారు పెద్ద వేవ్ ఫైళ్లని ఒకేసారి చదివించి, పదహారు కొత్త ఫైళ్లని దానిమీదే రాయిస్తే దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది, కోర్లు మళ్లీ ఎదురుచూస్తాయి. పని జరిగే ఫోల్డర్‌ని తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. 300 గంటల వేవ్ ఫైళ్లకి 190 జీబీ చోటు కావాలి, ఆ లెక్కన ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలి.

మే నెల, ఇన్వర్టర్

పెట్టె మీద రాసిన గరిష్ఠ వేగం సాధారణంగా ఒకటి రెండు కోర్లు పనిచేస్తున్నప్పుడు వచ్చేది. అన్ని కోర్లూ ఒకేసారి నిండితే ఏ చిప్పైనా కాస్త తగ్గుతుంది. దీనికి రాజమండ్రి మే నెల తోడైతే, గదిలోనే నలభై డిగ్రీలకి దగ్గరగా ఉంటే, పలచటి ల్యాప్‌టాప్ పది పదిహేను నిమిషాల్లో వేడెక్కి తన వేగాన్ని తనే కోసుకుంటుంది. ఒక్క సీడీ మార్చే నిమిషంలో ఇది తెలియదు. రాత్రంతా నడిచే గుట్ట పనిలో తెలుస్తుంది. తీరం దగ్గరి ఊళ్లలో గాలి చెమ్మకి దుమ్ము ఫ్యాన్ రెక్కల మధ్య పేస్టులా అంటుకుంటుంది, ఊదితే పోదు, విప్పి బ్రష్‌తో తీయాలి. ఎనిమిది కోర్ల ల్యాప్‌టాప్ దుమ్ము పట్టి ఉంటే శుభ్రంగా ఉన్న ఆరు కోర్ల డెస్క్‌టాప్ దాన్ని దాటేస్తుంది.

కరెంటు పోయే ఊళ్లలో ఇంకో లెక్క. పెద్ద డెస్క్‌టాప్ అన్ని కోర్లతో నడుస్తూ మానిటర్‌తో కలిపి వంద వాట్ల పైన తింటుంటే ఇంట్లో ఫ్యాన్లతో పాటు ఇన్వర్టర్ ఎంతసేపు లాగుతుంది? ఇంటెల్ ఎన్100 లాంటి నాలుగు చిన్న కోర్ల చిప్పు 6 వాట్ల రకం, దాంతో వచ్చే చిన్న పెట్టెలు చాలా తక్కువ కరెంటుతో నడుస్తాయి. సీడీ లాగే పనికి అది ధారాళంగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ప్రాసెసర్ ఎలాగూ ఆగి చూసేదే. గుట్టలు మార్చడానికి నెమ్మది. రోజంతా రిప్పింగ్‌కి ఇలాంటి పెట్టె, వారానికోసారి మార్పిడికి ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్, ఈ ఏర్పాటు ఖర్చుకీ కరెంటుకీ రెండింటికీ కుదురుతుంది.

ముందు ఏది

కొత్త మెషీన్ ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకి జవాబు కూడా దింపు ఒలుపుల్లోనే ఉంది. ఎన్‌కోడింగ్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఫ్లాక్‌గా దాచిన ఫైల్ ఐదేళ్ల తర్వాత కూడా అదే, అప్పటికి ప్రాసెసర్లు ఇంకా చవకవుతాయి, అసలు ఆడియో ఏమీ పోకుండా అందులో ఉంటుంది కాబట్టి దాన్నుంచి ఏ రూపమైనా తీసుకోవచ్చు. బీరువాలోని రైట్ చేసిన డిస్కు అలా ఆగదు. పోయినేడు రెండుసార్లు చదివితే వచ్చిన ట్రాక్ ఈ ఏడు ఎనభై సార్లకి కూడా రాకపోవచ్చు. కాబట్టి ప్రాసెసర్ కోసం డబ్బు కూడబెడుతూ రిప్పింగ్ వాయిదా వేయడం తిరగబడిన వరస. ఉన్న పాత కంప్యూటర్‌కే మంచి డ్రైవు ఒకటి తగిలించి, లేబుల్ పెచ్చులు లేస్తున్న డిస్కులు, వెలిసిపోయిన డిస్కులు ముందు లాగేయాలి. సినిమా పాటల అచ్చు సీడీలు చివరికి, అవి ఇంకెక్కడైనా దొరుకుతాయి. ఒక డ్రైవులో రాని డిస్కు ఇంకో కంపెనీ డ్రైవులో తేలిగ్గా వచ్చేయడం మామూలే, కాబట్టి రెండు డ్రైవులూ వేర్వేరు రకాలవైతే ఇంకా మంచిది.

ఇక ఆ కట్ట అడుగున క్యాసెట్లు కూడా ఉంటే వాటికి ఈ లెక్కలేవీ వర్తించవు. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది, మామూలు ప్లేయర్‌తో ఎక్కిస్తే 60 నిమిషాల టేపుకి 60 నిమిషాలు కూర్చోవాలి. రెండు కోర్లున్నా ముప్పై రెండున్నా తేడా ఉండదు. హెడ్‌ని స్పిరిట్‌తో తుడిచి, కాసేపు ముందుకీ వెనక్కీ చుట్టి టేపు బిగువు సర్దుకున్నాక, లైన్ ఇన్ ఉన్న సౌండ్ కార్డుకి వైరు పెట్టి, రికార్డింగ్ లెవెల్ ఎరుపులోకి వెళ్లకుండా చూసుకుంటూ మొదలుపెట్టడమే.